వేసవి సెలవుల్లో పరిశోధన: జర్మనీలో మేము నేర్చుకున్నవి



విదేశాల్లో చదువు అనగానే మన చెవిన రెండు మాటలు పడతాయి. డబ్బున్నవాళ్ల పిల్లలే వెళ్తారని ఒకరంటారు. పెద్ద ర్యాంకులు వచ్చినవాళ్లే వెళ్తారని ఇంకొకరంటారు. ఈ రెండు మాటల వల్ల మనలో చాలామంది ప్రయత్నమే చేయరు. కానీ ఇంకో దారి ఉంది. డిగ్రీయో, ఇంజనీరింగో చదువుతుండగానే వేసవి సెలవుల్లో రెండు మూడు నెలలు ఏదైనా పరిశోధనశాలలో పనిచేసి రావచ్చు. దీన్నే సమ్మర్ రీసెర్చ్ ఇంటర్న్‌షిప్ అంటారు.

మేమిద్దరం ఈ హాస్టల్లో ఉండి పదో తరగతి పూర్తి చేసినవాళ్లం. తర్వాత ఒకే కాలేజీలో ఒకరం కెమికల్ ఇంజనీరింగు, ఒకరం ఎలక్ట్రానిక్స్ చదివాం. 2024 వేసవిలో జర్మనీలోని బాన్ నగరానికి వెళ్లి, ఒకరం రసాయన ప్రయోగశాలలో, ఒకరం రేడియో ఖగోళ విభాగంలో పనిచేశాం. గొప్ప చెప్పుకోవడానికి ఈ వ్యాసం రాయడం లేదు. ఈ పనిలో సగం భాగం హాస్టల్లో ఉండగానే మొదలుపెట్టవచ్చని చెప్పడానికి రాస్తున్నాం.

బాన్‌కూ మనకూ ఉన్న సంబంధం

రైన్ నది ఒడ్డున ఉన్న బాన్ 1949 నుంచి 1990 వరకు పశ్చిమ జర్మనీకి రాజధాని. సంగీతకారుడు బీథోవెన్ 1770లో పుట్టింది ఇక్కడే. అయితే మనకు అంతకంటే దగ్గరి సంబంధం ఇంకొకటి ఉంది. డాక్టర్ అంబేద్కర్ 1921లో బాన్ విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా పేరు నమోదు చేయించుకున్నారు.

ఆయన విదేశీ చదువును మనం డబ్బు కోణం నుంచి కూడా చూడాలి. 1913లో బరోడా మహారాజు ఇచ్చిన వేతనంతో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. 1916లో లండన్ చేరారు. వేతనం గడువు తీరడంతో 1917లో చదువు మధ్యలోనే ఆపి తిరిగి రావలసి వచ్చింది. బొంబాయిలో సైడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి కొంత కూడబెట్టి, కొల్హాపూర్ షాహూ మహారాజ్ సాయం, ఒక స్నేహితుడి అప్పు తోడు చేసుకుని 1920లో మళ్లీ లండన్ వెళ్లారు. 1923లో డి.ఎస్‌సి. పట్టా పొందారు. అంతటి మేధావికే చదువు డబ్బు దగ్గర ఆగింది. కాబట్టి మన పిల్లల దారిలో డబ్బు అడ్డం వస్తే అది తెలివి తక్కువై కాదు. ఆ అడ్డంకిని ముందే లెక్క వేసుకోవాలి, అంతే.

ఏ పథకాలు ఉన్నాయి?

జర్మన్ ప్రభుత్వ నిధులతో నడిచే డి.ఎ.ఎ.డి. సంస్థ 1925లో ఏర్పడింది. దాని ప్రధాన కార్యాలయం బాన్‌లోనే ఉంది. మేము వెళ్లిన వైజ్ పథకం ఈ సంస్థదే. కెనడాకు మైటాక్స్ గ్లోబలింక్ అనే 12 వారాల పథకం ఉంది. స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధన కేంద్రం భౌతికశాస్త్రం, కంప్యూటర్, ఇంజనీరింగు విద్యార్థులను వేసవిలో తీసుకుంటుంది. భారతదేశం 2017 నుంచి సెర్న్‌లో అనుబంధ సభ్య దేశం. ఏ పథకానికి ఏ కాలేజీలు అర్హమో, ఎంత వేతనమో ఏటేటా మారుతుంది. అధికారిక ప్రకటన చూసుకోకుండా ఎవరి మాటా నమ్మవద్దు.

డిగ్రీ కాలేజీలో చదివే తమ్ముళ్లు నిరాశపడనక్కర లేదు. మన దేశంలోని మూడు సైన్సు అకాడమీలు (బెంగళూరు, ఢిల్లీ, ప్రయాగ్‌రాజ్) కలిసి రెండు నెలల వేసవి పరిశోధన ఫెలోషిప్ నడుపుతున్నాయి. విదేశాలకు వెళ్లేముందు ఇలాంటి చోట ఒక వేసవి పనిచేస్తే అదే పెద్ద సిఫారసు.

ఇంకో సంగతి. ప్రభుత్వం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్, మన రాష్ట్రాల్లోని అంబేద్కర్ విదేశీ విద్యా పథకాలు పూర్తి కోర్సుల కోసం ఉద్దేశించినవి. వేసవి ఇంటర్న్‌షిప్‌కు అవి పనికిరావు. కానీ ఇంటర్న్‌షిప్ చేసిన అనుభవం రేపు ఆ స్కాలర్‌షిప్‌తో చదవబోయే సీటుకు పనికొస్తుంది.

ఆచార్యులకు ఉత్తరం

వైజ్ లాంటి పథకాల్లో మనమే ఒక ఆచార్యుణ్ణి వెతుక్కుని, ఆయన దగ్గర నుంచి ఆహ్వాన పత్రం తెచ్చుకోవాలి. దరఖాస్తు గడువు సాధారణంగా ముందటి ఏడాది చివర్లోనే ముగుస్తుంది. అంటే వచ్చే మే నెలలో వెళ్లాలంటే ఈ ఆగస్టులోనే ఉత్తరాలు మొదలుపెట్టాలి.

ఒకే ఉత్తరాన్ని వందమందికి పంపితే చెత్తబుట్టలోకి పోతుంది. ఆ ఆచార్యుడు రాసిన ఒక పరిశోధన పత్రమైనా చదవాలి. మొత్తం అర్థం కాకపోయినా ఫరవాలేదు. మొదటి పేజీ, చివరి పేజీ, బొమ్మలు శ్రద్ధగా చూస్తే ఒక ప్రశ్న పుడుతుంది. ఉత్తరంలో ఐదు సంగతులుంటే చాలు: మనం ఎవరం, ఆయన పత్రంలో ఏది చదివాం, అందులో మనకు వచ్చిన ప్రశ్న ఏమిటి, మనకు ఏ పని వచ్చు, ఏ నెల నుంచి ఏ నెల దాకా రాగలం. పేజీ దాటకూడదు. పొగడ్తలు వద్దు. మేమిద్దరం కలిసి 40 ఉత్తరాలు రాశాం. 7 జవాబులు వచ్చాయి. అందులో 5 మర్యాదగా కాదన్నవే. మిగిలిన రెండే మమ్మల్ని బాన్ చేర్చాయి.

కాగితాల పని

ఈ భాగం తొమ్మిది, పది తరగతుల తమ్ముళ్లు ప్రత్యేకంగా చదవాలి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, కుల ధృవీకరణ పత్రంలో తండ్రి పేరు ఇంకోలా ఉంటుంది. ఊళ్లో ఉన్నంతకాలం ఈ తేడా ఎవరికీ పట్టదు. పాస్‌పోర్టు దరఖాస్తు చేసిన రోజు పట్టుకుంటుంది. మాతోపాటు ఆహ్వాన పత్రం వచ్చిన మిత్రుడు ఒకరు ఈ పేర్ల తేడా సరిచేయించుకునేలోపు గడువు దాటిపోయి ఆగిపోయాడు. మార్కుల్లో మా ఇద్దరి కంటే ముందున్నవాడు.

కాబట్టి పదో తరగతి పరీక్ష ఫీజు కట్టే ముందు నామినల్ రోల్స్‌లో మీ పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం సరిచూసుకోండి. వార్డెన్ గారిని అడిగి ఒక ఆదివారం అందరూ కలిసి ఈ పని చేయండి. పద్దెనిమిది నిండగానే పాస్‌పోర్టు తీసుకుంటే పదేళ్లు పనికొస్తుంది. 36 పేజీల సాధారణ పాస్‌పోర్టుకు రుసుము 1500 రూపాయలు.

వీసా విషయం. యూరప్‌లో 29 దేశాలు షెంజెన్ ఒప్పందంలో ఉన్నాయి. 90 రోజుల లోపు ఉండడానికి ఇచ్చే షెంజెన్ వీసా వీటన్నిటికీ చెల్లుతుంది. దానికి ఆహ్వాన పత్రం, వేతన పత్రం, కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపాలి. 2024 జూన్ నుంచి పెద్దలకు వీసా రుసుము 90 యూరోలు. స్కాలర్‌షిప్ మీద వెళ్లేవారికి కొన్ని సందర్భాల్లో మినహాయింపు ఉంటుంది, అడిగి తెలుసుకోవాలి.

ప్రయోగశాలలో

మొదటి రోజు పని ఇవ్వరు. కళ్లద్దాలు, కోటు ఇచ్చి, మంటలార్పే పరికరం ఎక్కడుందో, కంట్లో రసాయనం పడితే ఎక్కడ కడుక్కోవాలో చూపించి సంతకం తీసుకుంటారు. తర్వాత నోటుబుక్కు ఇస్తారు. ప్రతి పేజీకి నంబరు ఉంటుంది. పెన్సిలుతో రాయకూడదు, చెరపకూడదు, చింపకూడదు.

ఒక రసాయన చర్య రెండు వారాలపాటు అనుకున్న ఫలితం ఇవ్వలేదు. మార్గదర్శకురాలు కోప్పడలేదు. రాని ఫలితాన్ని కూడా తేదీ, ఉష్ణోగ్రతతో సహా రాయమన్నారు. ఆ పేజీలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ద్రావణిలో మిగిలిన తేమే కారణమని తేలింది. మన రికార్డు పుస్తకాల్లో వచ్చిన జవాబు మాత్రమే రాస్తాం. అక్కడ జరిగినదంతా రాస్తారు. పరిశోధనకూ పరీక్షకూ ఉన్న తేడా ఇదేనని మాకు అర్థమైంది.

ఇంటర్మీడియట్‌లో మనం బట్టీపట్టిన బెంజీన్ వలయాన్ని 1865లో ప్రతిపాదించిన కెకూలే, 1867 నుంచి 1896లో చనిపోయేవరకు బాన్‌లోనే ఆచార్యుడు. పాత రసాయన భవనం ముందు ఆయన విగ్రహం ఉంది. రసాయన శాస్త్రంలో మొదటి నోబెల్ బహుమతి (1901) పొందిన వాంట్ హాఫ్, రెండోది (1902) పొందిన ఎమిల్ ఫిషర్ ఇద్దరూ కుర్రవాళ్లుగా ఉన్నప్పుడు బాన్‌లో ఆయన దగ్గర చదువుకున్నారు. రేడియో తరంగాలను ప్రయోగంతో నిరూపించిన హెర్ట్జ్ కూడా 1889 నుంచి ఇక్కడే పనిచేసి, 1894లో 36 ఏళ్లకే కన్నుమూశాడు.

ఆ తరంగాలనే ఈనాడు ఎలా వింటున్నారో ఎఫెల్స్‌బెర్గ్‌లో చూశాం. బాన్‌కు సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఒక లోయలో ఉన్న ఈ రేడియో దూరదర్శిని పళ్లెం వ్యాసం 100 మీటర్లు. బరువు 3,200 టన్నులు. అంత బరువూ ఆకాశంలో ఏ వైపుకైనా తిరుగుతుంది. 1972 నుంచి పనిచేస్తోంది. లోయలో ఎందుకు కట్టారంటే, చుట్టూ ఉన్న కొండలు మనుషులు పుట్టించే రేడియో గోలను అడ్డుకుంటాయి. నక్షత్రాల నుంచి వచ్చే సంకేతం అంత బలహీనమైనది. మాలో ఎలక్ట్రానిక్స్ చదివినవారి పని, నమోదైన సంకేతాల్లో నక్షత్రానిదేదో, మొబైల్ ఫోనుదేదో వేరుచేసే ప్రోగ్రాం రాయడం.

వారానికోసారి అందరూ కూర్చుని చేసిన పని చెప్పాలి. ఇంగ్లీషు ఎలా మాట్లాడుతున్నామని ఎవరూ చూడలేదు. తెలియనిది తెలియదంటే చిన్నచూపు చూడలేదు. తెలియకుండా తల ఊపడమే వాళ్లకు నచ్చదు.

తిరిగిన చోట్లు, చూసినవి

జర్మనీలో ప్రాంతీయ రైళ్లు, బస్సులన్నిటికీ నెలకు ఒకే టికెట్ 2023 మే నుంచి ఉంది. మేము వెళ్లినప్పుడు దాని ధర 49 యూరోలు, తర్వాత పెరిగింది. శని, ఆదివారాల్లో ఆ టికెట్‌తోనే తిరిగాం. ఆదివారం దుకాణాలు మూసేస్తారు, సరుకులు శనివారమే తెచ్చుకోవాలి. ప్లాస్టిక్ సీసా తిరిగి ఇస్తే 25 సెంట్లు వాపసు ఇస్తారు. వంట, బట్టలుతుక్కోవడం, వేళకు లేవడం మాకు కొత్త కాలేదు. అవన్నీ ఈ హాస్టల్ నేర్పినవే.

కొలోన్ నగరంలోని పెద్ద చర్చి 157 మీటర్ల ఎత్తు. 1248లో మొదలైన కట్టడం మధ్యలో సుమారు మూడు వందల ఏళ్లు ఆగి, 1880లో పూర్తయింది. 533 మెట్లెక్కి నగరమంతా చూశాం.

కానీ మమ్మల్ని ఎక్కువ ఆలోచింపజేసింది కాలి కింద ఉన్న వస్తువు. వీధుల్లో ఇళ్ల ముందు పది సెంటీమీటర్ల ఇత్తడి పలకలు పొదిగి ఉంటాయి. హిట్లర్ కాలంలో ఆ ఇంట్లోంచి ఈడ్చుకుపోబడిన మనిషి పేరు, పుట్టిన సంవత్సరం, ఏమైందో దాని మీద చెక్కి ఉంటుంది. చదవాలంటే తల వంచాలి. బాన్‌లో గణితం బోధించిన హౌస్‌డార్ఫ్ ప్రపంచం గుర్తించిన శాస్త్రవేత్త. యూదుడిగా పుట్టినందుకు వేధింపులకు గురై, నిర్బంధ శిబిరానికి పంపుతారని తెలిసి 1942 జనవరిలో భార్యతో, ఆమె చెల్లెలితో కలిసి ప్రాణం తీసుకున్నాడు. ఈనాడు బాన్‌లోని గణిత పరిశోధన కేంద్రానికి ఆయన పేరే పెట్టుకున్నారు. పుట్టుకను బట్టి మనిషికి విలువ కడితే ఏం జరుగుతుందో మనకు ఒకరు చెప్పనక్కర లేదు. అయితే జరిగిన తప్పును దాచకుండా ఇంటి గడప ముందే రాసిపెట్టుకోవడం మేము అక్కడ చూశాం.

అన్నలకు ఒక మనవి

ఇంటర్న్‌షిప్ వేతనం సాధారణంగా అక్కడికి చేరాకే చేతికి వస్తుంది. విమానం టికెట్, వీసా ఖర్చు, మొదటి నెల అద్దె ముందే పెట్టుకోవాలి. మా ఇద్దరికీ తలా లక్ష రూపాయల పైన అవసరమైంది. ఒకరి ఇంట్లో వడ్డీకి తెచ్చారు. ఒకరికి ఈ హాస్టల్ పూర్వ విద్యార్థులు నలుగురు కలిసి సర్దారు. తిరిగి వచ్చిన నెలలోనే ఇద్దరమూ బాకీ తీర్చేశాం. అంటే ఇది దానం అడగడం కాదు. మూడు నాలుగు నెలలు తిరిగే డబ్బు. పూర్వ విద్యార్థులు కొద్దికొద్దిగా వేసి ఒక నిధి పెడితే, ఒక్కరు తీర్చిన డబ్బు మరుసటి ఏడు ఇంకొకరికి టికెట్ అవుతుంది. మా వంతుగా తలా పదివేలు ఈ వార్షికోత్సవం రోజున వార్డెన్ గారి సమక్షంలో సంఘానికి అందజేస్తున్నాం.

తమ్ముళ్లారా, స్టడీ అవర్‌లో అర్థం కాని లెక్క వస్తే పక్కవాడిని, ట్యూటర్‌ను అడగండి. అడగడం అలవాటైనవాడికి ఆచార్యుడికి ఉత్తరం రాయడం కష్టం కాదు. ఈ వారం మీ మెమో, ఆధార్ పక్కపక్కన పెట్టి పేరు సరిచూసుకోండి. మొదటి అడుగు అక్కడే ఉంది.