మిర్రర్ ఆగితే ముందు గడువు తేదీ చూడండి

లినక్స్ అడ్మిన్ ఉద్యోగానికి సిద్ధమయ్యేవాళ్లు ఎక్కువగా ఇన్‌స్టాలేషన్ మీద, కమాండ్ల మీద దృష్టి పెడతారు. నిజానికి ఉద్యోగంలో చేరాక పరీక్ష పెట్టేది నడుస్తున్న వ్యవస్థే. అందులో దేని గడువు ఎప్పుడు తీరుతుందో ముందే పసిగట్టగలవాళ్లకే విలువ. రెడ్‌హ్యాట్ లినక్స్ రిపాజిటరీల మిర్రర్ ఇందుకు మంచి ఉదాహరణ. చాలా సంస్థలు తమ సర్వర్లన్నింటికీ ఇంటర్నెట్ ఇవ్వవు. ఒక్క యంత్రం రిపోసింక్‌తో ప్యాకేజీలు దించుకుంటే మిగతావి దాని దగ్గర తీసుకుంటాయి. సబ్‌స్క్రిప్షన్ ఉందని రెడ్‌హ్యాట్‌కు ఆ యంత్రం చూపించే గుర్తింపు కార్డే ఎన్‌టైటిల్‌మెంట్ సర్టిఫికెట్. దాని ఫైలు పేరు ఒక సీరియల్ నంబరు. సర్టిఫికెట్ కొత్తదైతే నంబరు మారుతుంది, దాంతో ఫైలు పేరూ మారుతుంది. మిర్రర్ కాన్ఫిగరేషన్‌లో పాత పేరే రాసి ఉంటే, సబ్‌స్క్రిప్షన్‌కు డబ్బు కట్టినా 403 వంటి ఎర్రర్‌తో సింక్ ఆగిపోతుంది. అంతకన్నా ప్రమాదం మరొకటుంది. మిగతా సర్వర్లలో ఏ ఎర్రరూ కనిపించదు. అవి పాత మిర్రర్‌నే అడిగి, కొత్త అప్‌డేట్లేమీ లేవని నిశ్చింతగా ఉంటాయి. సెక్యూరిటీ ప్యాచ్‌లు మాత్రం రావు.

‘ఇదంతా ఆటోమేటిక్‌గా జరిగేదే కదా’ అనవచ్చు. కొంతవరకు నిజమే. ఆర్‌హెచ్‌ఎస్‌ఎం‌సెర్ట్‌డీ అనే సర్వీసు మామూలుగా 4 గంటలకోసారి చూసి, కొత్త సర్టిఫికెట్ ఉంటే తెస్తుంది. కానీ తన యంత్రంలో తన ఫోల్డర్ వరకే దాని బాధ్యత. ఎవరో వేరే సర్వర్‌కు కాపీ చేసి పెట్టిన సర్టిఫికెట్ సంగతి దానికి తెలియదు. ‘ఇంత చిన్న విషయానికి కెరీర్ ఏమిటి’ అన్నది రెండో సందేహం. 2017లో అమెరికా క్రెడిట్ సమాచార సంస్థ ఈక్విఫాక్స్‌లో జరిగిన డేటా చోరీ అంతకాలం బయటపడకపోవడానికి ఒక కారణం, నెట్‌వర్క్ ట్రాఫిక్‌ను తనిఖీ చేసే పరికరంలో గడువు తీరిన సర్టిఫికెట్. దాన్ని మార్చాకే అనుమానాస్పద ట్రాఫిక్ కంటపడింది. పైగా పబ్లిక్ వెబ్‌సైట్ల సర్టిఫికెట్ల గరిష్ఠ గడువును 2029 మార్చి నాటికి 47 రోజులకు కుదించాలని సీఏ–బ్రౌజర్ ఫోరమ్ 2025లో నిర్ణయించింది. అవి వేరే రకం సర్టిఫికెట్లే అయినా పని తీరు ఒకటే. క్యాలెండర్‌లో రాసుకుని చేత్తో మార్చే రోజులు పోతున్నాయి.

నేర్చుకోవడానికి ఖర్చేమీ అక్కర్లేదు. వ్యక్తులకు రెడ్‌హ్యాట్ ఉచిత డెవలపర్ సబ్‌స్క్రిప్షన్ ఇస్తుంది. అదీ వద్దనుకుంటే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో మీరే ఒక్క రోజు గడువున్న క్లయింట్ సర్టిఫికెట్ చేసి, ఎన్‌జిన్‌ఎక్స్ దాన్ని అడిగేలా పెట్టండి. మర్నాడు ఆ వెబ్ సర్వర్ దాన్ని తిరస్కరించినప్పుడు లాగ్‌లో ఏ మాట వస్తుందో చదవండి. తర్వాత ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లోని ‘చెక్ఎండ్’ ఆప్షన్‌కు 25,92,000 సెకన్లు, అంటే 30 రోజులు ఇచ్చి, గడువు అంతకన్నా దగ్గర పడితే మెయిల్ పంపే స్క్రిప్ట్ రాయండి. ఫైలు పేరును స్క్రిప్ట్‌లో నేరుగా రాయకుండా, ఫోల్డర్‌లో చెల్లుబాటులో ఉన్నదాన్ని వెతికి తీసుకునేలా చేయండి. మిర్రర్ చివరిసారి ఎప్పుడు సింక్ అయిందో కూడా అదే స్క్రిప్ట్‌తో చూడండి. ఎర్రర్ రాని లోపాన్ని పట్టించేది ఆ తేదీ ఒక్కటే. రెజ్యూమెలో ‘లినక్స్ తెలుసు’ అన్న వాక్యం అందరూ రాస్తారు. ఈ స్క్రిప్ట్ ఎందుకు రాశారో ఇంటర్వ్యూలో వివరించగలిగితే, ఆ వాక్యం రాయాల్సిన అవసరమే ఉండదు.