దురద గల మచ్చ, దురద లేని మచ్చ

మా సంఘ సభ్యులొకరు నడుము దురదతో రెండేండ్లు బాధపడిరి. అంగడిలో అడిగి తెచ్చిన క్రీము పూసినన్నాళ్ళు నెమ్మదించును, మానగానే మరల ప్రాకును. తుదకు చర్మము పలుచబడి పాలిపోయెను. ఇంటివారు బొల్లి యనిరి. ఇరుగుపొరుగువారు అంతకంటె పెద్ద మాట అనిరి. కూతురి పెండ్లి మాటలు ఆగిపోయినవి. వైద్యుడు చూచి, అది తామర యనియు, పాలిపోవుటకు క్రీములోని స్టీరాయిడు కారణమనియు చెప్పెను.

తమిళనాట పాలిన మచ్చను ‘తేమల్’ అనుట వాడుక. పేరు ఒక్కటైనను రోగములు వేరు. వాని గురుతులు మనము తెలిసికొందము.

1. శోభి: మెడ, రొమ్ము, వీపులపై వచ్చును. గోటితో గీరిన సన్నని పొట్టు రాలును. చెమట పట్టినపుడు కొద్దిగా దురద. మందుతో తగ్గినను చర్మపు రంగు తిరిగి వచ్చుటకు నెలలు పట్టును.

2. తామర: గుండ్రముగా, అంచు లేచి విస్తరించును. దురద మెండు. పొట్టును సూక్ష్మదర్శినిలో చూచిన బూజు పోగులు కనబడును. ఒకరి తువాలు మరొకరు వాడరాదు.

3. అద్దకపు దురద: కాస్టిక్ సోడా, హైడ్రోస్, రంగులు తగిలిన చేతులు దురదపెట్టి పగులును. మానినచోట కొన్నాళ్ళు పాలిన మచ్చ నిలువవచ్చును. సెలవులలో తగ్గి, పని మొదలిడగానే హెచ్చిన ఇదేయని అనుమానింపవలెను.

4. బొల్లి: పాలవలె తెలుపు. పొట్టు రాలదు, స్పర్శ చెడదు. అంటువ్యాధి కాదు.

5. కుష్ఠు: మచ్చ పాలియో, ఎఱ్ఱబారియో యుండును. సాధారణముగా దురద లేదు, స్పర్శ తగ్గును. కండ్లు మూయించి దూదిపోగుతో మచ్చను, ప్రక్కనున్న మంచి చర్మమును తాకి, తాకిన చోటు వ్రేలితో చూపుమనవలెను. చూపలేనిచో తడయక ప్రభుత్వ ఆసుపత్రికి పోవలెను. మందులు ఉచితము, 6 నెలలో, 12 నెలలో వాడవలెను. ఆలస్యమైన నరములు చెడును. తెగినను, కాలినను వ్రేలికి తెలియదు. చేతిస్పర్శ పోయిన నేతగానికి మిగులునదేమి?

స్పర్శ ఉన్నదని మాత్రము నిశ్చింత పడరాదు. కొన్ని కుష్ఠు మచ్చలలో, ముఖ్యముగా ముఖముపై, స్పర్శ నిలిచియుండును. మానని మచ్చ ఏదైనను వైద్యుడే నిర్ణయింపవలెను.

పెండ్లి చెడునని దాచువారు కలరు. కుష్ఠును విడాకులకు కారణముగా చూపు నిబంధనను 2019లో చట్టము నుండి తొలగించిరి. దాచవలసిన రోగము కాదు, మానెడి రోగము.

సభ్యులారా! దురద మనలను వైద్యుని వద్దకు తరుమును. దురద లేని మచ్చ ఊరకుండును. కావున దానినే ముందు చూపించుకొనుడు.