ప్రజావైద్యం

నెల్లూరు తీరప్రాంతంలోని అలగానిపాడు పుచ్చలపల్లి సుందరయ్య (1913–1985) జన్మస్థలం. ఆయన సోదరుడు డాక్టర్ రామచంద్రారెడ్డి నెల్లూరు ప్రజావైద్యశాలను పేదలకు అండగా తీర్చిదిద్దారు. చికిత్సతోనే తృప్తి చెందక, యువకులకు వైద్యసేవలో శిక్షణనిచ్చి పల్లెలకు పంపారు.

ఈ కృషి వెనుక ఒక సత్యమున్నది. విరేచనాలతో నీరసించిన పసిబిడ్డకు పట్టణం చేరేంత వ్యవధి ఉండకపోవచ్చు. కాచి చల్లార్చిన లీటరు నీటిలో సమంగా నిండిన ఆరు టీచెంచాల చక్కెర, అర టీచెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా త్రాగించవలెనని తెలిసిన వ్యక్తి ఆ వాడలో ఉంటే ప్రాణం నిలుస్తుంది. అయితే ఆ సేవకునికి తన హద్దు కూడ తెలియాలి. బిడ్డ మగతలో ఉన్నా, త్రాగలేకపోయినా వెంటనే ఆసుపత్రికి పంపాలి. తెలిసినది చేయడం సేవ. తెలియనిది చేయబూనడం ప్రమాదం.

2005లో ప్రారంభమైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌లోని ఆశా కార్యకర్తల వ్యవస్థకూ ఇదే మూలసూత్రం: ఆ ఊరి స్త్రీయే ఆ ఊరికి ఆరోగ్య కార్యకర్త. వైద్యుడు ఊరికి దూరంగా ఉండవచ్చు. వైద్యజ్ఞానం దూరంగా ఉండరాదు.

ప్రశ్నలు
1. రామచంద్రారెడ్డి యువకులకు శిక్షణనివ్వడంలోని ఔచిత్యాన్ని వివరించండి.
2. ఆరోగ్య సేవకునికి తన హద్దు ఎందుకు తెలియాలి?