సీఎస్‌ఆర్ లెక్క పట్టుకుని ఊరికి వెళ్లండి

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో డిగ్రీ పూర్తిచేసినవారికి ఎంబీఏ అనగానే హైదరాబాద్ హాస్టల్ ఖర్చు గుర్తొస్తుంది. హైబ్రిడ్ బోధన ఆ బెంగను కొంత తీరుస్తోంది. ఒక్కో కోర్సులో 40 శాతం వరకు ఆన్‌లైన్‌లో బోధించవచ్చని యూజీసీ 2021లో ప్రతిపాదించింది. ‘స్వయం’ పోర్టల్‌లో ఐఐఎం బెంగళూరు అధ్యాపకుల పాఠాలు ఇంటి నుంచే ఉచితంగా వినొచ్చు. పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకోవాలంటేనే ఫీజు.

అయితే ఫోన్‌లో విన్న పాఠాన్నే తరగతిలో మళ్లీ అప్పజెప్పే కాలేజీలో చేరి లాభం లేదు. పాఠం ఇంట్లో వినేశాక, కాలేజీకి వెళ్లే రోజులు చర్చకూ ఫీల్డ్‌వర్క్‌కూ మిగలాలి. సామాజిక బాధ్యత సబ్జెక్టుకైతే మన ప్రాంతంలోనే కావలసినంత పని ఉంది.

కంపెనీల చట్టం 2013, సెక్షన్ 135 చూడండి. నికర విలువ రూ.500 కోట్లు, టర్నోవర్ రూ.1,000 కోట్లు, నికర లాభం రూ.5 కోట్లు... వీటిలో ఏ ఒక్కదాన్ని చేరుకున్నా ఆ కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం కార్పొరేట్ సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) కింద సమాజానికి ఖర్చుపెట్టాలి. తన చుట్టుపక్కల ఊళ్లకు ప్రాధాన్యం ఇవ్వాలనీ చట్టంలో ఉంది. మనకు మఠంపల్లి, మేళ్లచెరువుల్లో సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. చట్టం వర్తించే కంపెనీ తన బోర్డు ఆమోదించిన ప్రాజెక్టులను వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఆ సొమ్ముతో ఏదైనా కట్టిస్తే దాని చిరునామాను పిన్‌కోడ్‌తో సహా వార్షిక నివేదికలో చూపాలి.

అలాంటి చిరునామా ఒకటి రాసుకుని బస్సెక్కండి. అది మంచినీటి ప్లాంటు అనుకుందాం. నడుస్తోందా? తాళం ఎవరి దగ్గరుంది? ఫిల్టర్ మార్చే ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారు? కిందటిసారి మోటారు కాలితే ఎన్నాళ్లు ఆగింది? ఎండాకాలం రోజుకు ఎన్ని క్యాన్లు పోతున్నాయి? ఊరి చివరి కాలనీవాళ్లు కూడా వచ్చి పట్టుకుంటున్నారా, లేక వేరే చోట కొనుక్కుంటున్నారా? ఆపరేటర్‌తో, నీళ్లకొచ్చిన ఆడవాళ్లతో, పంచాయతీ కార్యదర్శితో మాట్లాడి, వివరాలు ఎక్సెల్‌లో ఎక్కించి, పదిహేను పేజీల నివేదిక రాయండి. ఇంటర్నెట్ నుంచి ఎత్తిరాసిన వంద పేజీల ప్రాజెక్టు కంటే ఈ పదిహేను పేజీలకే నేను ఎక్కువ విలువిస్తాను. పైగా ఇది చట్టం అడుగుతున్న పనే. సగటున రూ.10 కోట్లు, ఆపైన సీఎస్‌ఆర్ బాధ్యత ఉన్న కంపెనీలు, కోటి రూపాయలకు తగ్గని ప్రాజెక్టులు పూర్తయ్యాక వాటి ప్రభావాన్ని స్వతంత్ర సంస్థతో మదింపు చేయించాలని 2021 నుంచి నిబంధన. ఆ సంస్థలకు ఊరివాళ్లతో తెలుగులో మాట్లాడి, ఇంగ్లిష్‌లో నివేదిక రాయగలవాళ్లు కావాలి. ఇక్కడి పిల్లలకు మొదటిది పుట్టుకతో వచ్చింది. రెండోది డిగ్రీ నుంచే సాధన చేయాలి.

మిర్యాలగూడ రైస్ మిల్లుల సంగతి వేరు. భాగస్వామ్య సంస్థగా నడిచే మిల్లుకు ఈ సెక్షన్ వర్తించదు. అంతమాత్రాన బాధ్యత పోదు. దుమ్ము, బూడిద, హమాలీల భద్రత, అన్నీ ఉన్నాయి. కోతల కాలంలో ట్రాక్టర్ మిల్లు గేటు ముందుకొచ్చినప్పటి నుంచి కాంటా అయి తక్‌పట్టీ చేతికొచ్చేదాకా ఎన్ని గంటలు పడుతోందో రాసుకోండి. ఆపరేషన్స్ పాఠమూ, రైతు గోడూ ఒకే కాగితం మీద కనిపిస్తాయి.

ఇలాంటి పని నేర్చినవాళ్లకు ఉద్యోగాలు కంపెనీల సీఎస్‌ఆర్ విభాగాల్లోనే కాదు, ఫౌండేషన్లలో, రైతు ఉత్పత్తిదారుల సంస్థల్లో కూడా ఉన్నాయి. లిస్టెడ్ కంపెనీల్లో మొదటి వెయ్యింటికి 2022-23 నుంచి సెబీ బాధ్యతాయుత వ్యాపార నివేదిక తప్పనిసరి చేసింది కాబట్టి, ఆ అంకెలు సేకరించే పనీ పెరిగింది.

ఇక ప్రవేశాల సంగతి. రెగ్యులర్ ఎంబీఏకు ఐసెట్ రాయాలి. 200 ప్రశ్నలు, 150 నిమిషాలు. పూర్తి ఆన్‌లైన్ డిగ్రీ అయితే ఆ యూనివర్సిటీకి, ఆ కోర్సుకు అనుమతి ఉందో లేదో యూజీసీ దూరవిద్యా బ్యూరో వెబ్‌సైట్‌లో చూశాకే ఫీజు కట్టండి. ఫ్రాంచైజీ సెంటర్లను యూజీసీ ఒప్పుకోదు. రెగ్యులర్ కాలేజీకి వెళ్లినప్పుడు మాత్రం కిందటేడు విద్యార్థులు చేసిన ఫీల్డ్ ప్రాజెక్టు రిపోర్టులు రెండు అడిగి తీసుకుని, అక్కడే కూర్చుని చదవండి.