కింది దిక్కుకు మొక్కు



తడి బట్టలతో ఆరు దిక్కులకూ మొక్కుతున్న సిగాలుడికి బుద్ధుడు దిక్కులంటే మనుషులని చెప్పాడు. దీఘనికాయంలోని సిగాలోవాద సుత్తం ఇది. అందులో కింది దిక్కు పనివాళ్లు. యజమాని వాళ్లకు చేయాల్సినవి ఐదు: బలానికి తగ్గ పని, కూడూ కూలీ, జబ్బు చేస్తే సాకడం, రుచిగా వండింది పంచడం, వేళకు సెలవు. ఇవి ముందు. పనివాడి ఐదూ ఆ తర్వాతే: ముందు లేవడం, వెనక పడుకోవడం, ఇచ్చిందే తీసుకోవడం, పని బాగా చేయడం, యజమానిని పదిమందిలో మెచ్చుకోవడం.

ముందు లేచి వెనక పడుకోవడమన్న మాట మనకు గుచ్చుకుంటుంది, నిజమే. ఫ్యాక్టరీలో గంటలకు హద్దు బిగించింది మన బాబాసాహెబే. లేబర్ మెంబరుగా ఆయన తెచ్చిన 1946 సవరణతో వారానికి 54 గంటల పని 48 అయింది.

దీనివల్ల యజమానికి నష్టమా? ధర్మవరం మగ్గం మీద కళ్లు అలిసిపోతే తెగిన పోగు కనబడదు, చీర ధర పడిపోతుంది.

మన నల్లచెరువులో శెనక్కాయలు పీకేటప్పుడు మనమూ నలుగురు కూలోళ్లను పిలుస్తాం. ఆ రోజుకు యజమానులం మనమే! నీళ్లు, నీడ, పొద్దుగూకేసరికి చేతిలో కూలి ఉన్న చేనికే వాళ్లు ముందు కదులుతారు. విసుగ్గా పీకిన చేనిలో కాయలు తెగి నేలలోనే ఉండిపోతాయి.