నల్లగొండ ఫ్లోరోసిస్: చింతపండుపై ఎన్ఐఎన్ పరీక్ష

ఎముకలకు పట్టిన ఫ్లోరోసిస్‌ను నయం చేసే మందు లేదు. నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు నడుం వంగిపోయినవాళ్లను చూస్తే ఆ లోటు ఎంత క్రూరమైనదో అర్థమవుతుంది.

కారణం గ్రానైట్ రాళ్ల నుంచి బోరు నీళ్లలో కరిగే ఫ్లోరైడ్. తాగునీటిలో డబ్ల్యూహెచ్‌వో పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) మన వంటింటి చింతపండునే పరీక్షకు పెట్టింది. 2002లో ప్రచురితమైన ఈ అధ్యయనంలో 20 మంది ఆరోగ్యవంతులైన బాలురు చేరగా 18 మంది పూర్తిచేశారు. రోజూ మధ్యాహ్న భోజనంతో 10 గ్రాముల చింతపండు, 18 రోజులపాటు. 24 గంటల మూత్రం పట్టి కొలిస్తే, బయటికి పోయే ఫ్లోరైడ్ సగటున 3.5 నుంచి 4.8 మిల్లీగ్రాములకు పెరిగింది. మూత్రంలో మెగ్నీషియం, జింక్ తగ్గాయి.

ఇక్కడే చాలామంది తడబడతారు. ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయిందని తేలిందే తప్ప, వంగిన ఎముక నిటారైందని కాదు. పాల్గొన్నవారు రోగులు కారు, సంఖ్యా చిన్నది. చింతపండు తింటే ఫ్లోరోసిస్ నయమవుతుందన్న ప్రచారానికి ఈ పరీక్ష ఆధారం కాదు.

కాబట్టి నివారణే దారి: ఫ్లోరైడ్ లేని నీళ్లు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్‌ను తొలగించే ‘నల్లగొండ పద్ధతి’ని రూపొందించింది నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి). ఇంటింటికీ శుద్ధిచేసిన నీరిచ్చే మిషన్ భగీరథ 2016 ఆగస్టు 7న గజ్వేల్ నియోజకవర్గంలోని కోమటిబండలో ప్రారంభమైంది.