ప్రశ్నలు – జవాబులు: టవరు డబ్బు ఎవరిది?

ప్రశ్న: మా ఇంటి వెనక పెరట్లో కేబుళ్ల కోసం వదిలిన యుటిలిటీ ఈజ్‌మెంట్ ఉంది. అందులో చిన్న మండపం కట్టి, పక్కన మునగ చెట్టు వేసుకోవచ్చా?
– ఓ గృహిణి, కమ్మింగ్

మండపం వద్దు, రేపు కేబుల్ కోసం తవ్వాల్సివస్తే మీ ఖర్చుతోనే తీయిస్తారు. మునగ కుండీలో పెంచండి, జార్జియా చలికి ఎలాగూ లోపలికి మోయాల్సిందే.

ప్రశ్న: పల్నాడు జిల్లాలో నా పేరిట నాలుగెకరాల మిర్చి చేను ఉంది. పైనుంచి 400 కేవీ లైను పోతోంది, ఒక టవరు మా చేలోనే పడింది. నా సంతకం లేకుండానే గుంతలు తీశారు. పైగా పంట నష్టం డబ్బు తనకే రావాలని కౌలు రైతు అంటున్నాడట. భూమి నాది కదా?
– ఓ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కమ్మింగ్

మీ ఉత్తరాన్ని కుదించి వేశాం. రెండు పేజీల్లోనూ ‘నా’ భూమి, ‘నా’ హక్కు, ‘నా’ నష్టమే. మిరప నాటినవాడికి దక్కింది ఒక్క వాక్యం. అందుకే మీకు కాస్త ఎక్కువ చోటిస్తున్నాను.

ముందు చేదు మాట. టవరు వేయడానికి మీ సంతకం అక్కర్లేదు. 2003 విద్యుత్ చట్టం 164వ సెక్షను కింద ప్రభుత్వం ఉత్తర్వు ఇస్తే లైను వేసే కంపెనీకి 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం అధికారాలు వస్తాయి. తంతి స్తంభాలు పాతుకోవడానికి దొరలు రాసుకున్న చట్టం అది. మన దేశంలో టెలిగ్రాములు 2013లోనే ఆగిపోయాయి. 2023లో వచ్చిన టెలికమ్యూనికేషన్స్ చట్టం ఆ పాత చట్టాన్ని రద్దు చేస్తూ కూడా, కరెంటు లైన్లకు పనికొచ్చే భాగాన్ని బతికించి ఉంచింది. యజమాని సమ్మతి అవసరం లేదని సుప్రీంకోర్టు కూడా 2016లో ఒక పవర్‌గ్రిడ్ కేసులో చెప్పింది. కాబట్టి సంతకం గొడవ వదిలేయండి. భూమి మీ పేరనే ఉంటుంది, తీగల కింద పైరూ వేసుకోవచ్చు. ఇల్లు మాత్రం కట్టలేరు.

పట్టుకోవాల్సింది లెక్కని. కేంద్ర విద్యుత్ శాఖ 2015 అక్టోబరులో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం టవరు కాళ్ల మధ్య నేలకు భూమి విలువలో 85 శాతం, తీగల కింది పట్టీకి 15 శాతం వరకు ఇవ్వాలి. 2024 జూన్‌లో అవి 200, 30 అయ్యాయి. మీ లైనుకు ఏది వర్తిస్తుందో, రాష్ట్రం ఏ ఉత్తర్వు ఇచ్చిందో కలెక్టరేట్‌లో అడిగి కాగితం తెప్పించుకోండి. అందరూ టవరు కాళ్ల దగ్గరే కొట్లాడి పట్టీని మరిచిపోతారు. 400 కేవీ లైనుకు పట్టీ వెడల్పు మామూలుగా 46 మీటర్లు. అది మీ చేలో 88 మీటర్లు సాగిందంటే ఎకరం లెక్క. ఇచ్చింది చాలదనిపిస్తే జిల్లా జడ్జి దగ్గరికి వెళ్లొచ్చు, ఆ దారి కూడా 1885 చట్టంలోనే ఉంది.

ఇది భూమి సంగతి. పంట నష్టం దీనికి అదనం, వేరే పద్దు. నాకు కోపం వచ్చింది ఇక్కడే. ఆ చట్టం నష్టపరిహారం ‘యజమానికి’ ఇమ్మనలేదు, నష్టపోయిన ‘సంబంధం ఉన్న వాళ్లందరికీ’ ఇమ్మంది. ఎవరికెంత అన్న తగాదా వస్తే డబ్బు జిల్లా కోర్టులో జమ చేస్తారు, జడ్జి పంచుతాడు. విక్టోరియా రాణి కాలపు చట్టానికే తట్టిన కౌలు రైతు మీకు తట్టలేదు. నారు, ఎరువు, మందు, కూలీలు, అన్నీ అతని అప్పే. కౌలు ముందే తీసుకుని ఉంటారు కూడా. తొక్కేసిన మిరప మొక్కలు అతనివి. ఆ డబ్బు అతనిదే.

ఇంకొకటి. 2019లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ చట్టం కింద కౌలు రైతుకు పంట సాగుదారు హక్కు పత్రం ఇస్తారు. దానికి మీ సంతకం కావాలి. పెట్టారా? పెడితే భూమి పోతుందని ఎవరో భయపెట్టి ఉంటారు. ఆ ఒప్పందం 11 నెలలకే, అదీ పంట మీదే, భూమి మీద హక్కేమీ రాదు. ఈ వారమే పెట్టండి. ఊళ్లో మీ తరఫున తిరగడానికి ఎవరికైనా పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వదలిస్తే అట్లాంటా కాన్సులేట్‌లో ధ్రువీకరణ చేయించండి. అది ఇండియా చేరాక 3 నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి.

ప్రశ్న: ఫోర్సైత్ కౌంటీలో మాకు 12 ఎకరాల గడ్డి భూమి ఉంది. కరెంటు లైను ఈజ్‌మెంట్ కావాలంటూ ఏజెంట్ వచ్చి, వారంలో సంతకం పెడితే అదనంగా ఇస్తామంటున్నాడు. పెట్టకపోతే?
– దంపతులు, కమ్మింగ్

పెట్టకపోతే బేరం సాగుతుంది, లేదంటే కోర్టుకు వెళ్తారు. ప్రజా అవసరానికి ఆస్తి తీసుకున్నా, దానికి నష్టం చేసినా న్యాయమైన పరిహారం ముందుగా చెల్లించాలని జార్జియా రాజ్యాంగమే అంటుంది. ‘నష్టం చేసినా’ అన్న మాట గుర్తుంచుకోండి. ఈజ్‌మెంట్ పట్టీకే కాదు, మిగిలిన భూమి విలువ తగ్గితే దానికీ అడగొచ్చు. 2006లో ఈ రాష్ట్రం భూయజమానుల హక్కుల చట్టం తెచ్చింది. దాని ప్రకారం బేరానికి ముందే విలువ కట్టించాలి, విలువ కట్టే మనిషి వెంట నడిచే అవకాశం మీకు ఇవ్వాలి. నడవండి. ఇలాంటి కేసులే చూసే లాయరుకు చూపించకుండా సంతకం పెట్టొద్దు. కన్సర్వేషన్ యూజ్ పన్ను రాయితీలో ఉంటే కౌంటీ అసెసర్ ఆఫీసులో కూడా అడగండి.

మీ గడ్డి కోసుకునే మనిషి ఎవరైనా ఉంటే, లైను సంగతి అతనికీ చెప్పండి. కౌలు రైతు గురించి పైన చెప్పింది మీకూ వర్తిస్తుంది.

ప్రశ్న: ఇంటర్నెట్ కేబుల్ వేసేవాళ్లు మా స్ప్రింక్లర్ పైపు తెంపేశారు. తవ్వే ముందు లైన్లు గుర్తు పెట్టే 811 వాళ్లు జెండాలు పాతి వెళ్లాక కూడా ఇలాగా?
– పేరు వద్దన్న పాఠకుడు, కమ్మింగ్

ఫొటోలు తీసి, తేదీ రాసి కంపెనీకి పంపండి. ఆ ఎర్ర, నారింజ జెండాలు యుటిలిటీ కంపెనీల లైన్లకే. స్ప్రింక్లర్ పైపు మీ సొంతం కనుక దానికి జెండా మీరే పాతుకోవాలి.